"నీతోని కాదు, ఇటియ్యి" అనకుండా పిల్లలకు ధైర్యం నేర్పడం

పొద్దున ఏడున్నర. గల్లీ చివర బడి ఆటో హారన్ కొడుతోంది. ఆరేండ్ల పిల్ల గడప మీద కూర్చుని బూటు లేసుతో కుస్తీ పడుతోంది. ఒక ముడి పడింది, రెండోది జారింది. టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చిన అమ్మ వంగి, "నీతోని కాదు, ఇటియ్యి" అని రెండు గుంజులతో లేసు కట్టి పిల్లను ఆటో ఎక్కిస్తుంది. అందులో కోపం లేదు, తిట్టూ లేదు, తొందర ఒక్కటే ఉంది. కానీ పిల్ల చెవిలో మిగిలేది మొదటి రెండు మాటలే.

వరంగల్, కరీంనగర్, జగిత్యాల, ఏ ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా ఈ మాట రోజుకు పదిసార్లకు తక్కువ వినిపించదు. బొత్తాలు పెట్టుకునేటప్పుడు, అన్నం కలుపుకునేటప్పుడు, చెంబు ముంచేటప్పుడు, సైకిల్ స్టాండు తీసేటప్పుడు. ఇదే తల్లిదండ్రులు పదేండ్ల తర్వాత "మావోడు నలుగుర్ల నోరు విప్పడు సార్" అంటూ ఏదో ఒక క్లాసుకు ఫీజు కడుతుంటారు.

ఒక పని చేయగలనన్న నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో నాలుగు దారులుగా చెప్పారు. స్వయంగా చేసి నెగ్గడం ఒకటి. తనలాంటి వాళ్ళు చేస్తుంటే చూడటం రెండోది. "నీతోని అయితది" అని నమ్మకస్తులు అనడం మూడోది. ఆ సమయంలో గుండెదడ, చెమట ఏ మాత్రం ఉన్నాయన్నది నాలుగోది. వీటిలో మొదటిదానికే బలం ఎక్కువ. మన ఇండ్లల్లో మూడోదాన్ని మోతాదు మించి పోసి, మొదటిదాన్ని పిల్లల చేతుల్లోంచి గుంజుకుంటాం.

తన మీద తనకు ఇష్టం ఉండటం ఇంకో సంగతి. అది పని చేస్తే దొరికే కూలి లాంటిది కాదు. మార్కులు వచ్చినా రాకపోయినా, గ్లాసు పగలగొట్టినా ఈ ఇంట్లో తన పీట తనకు ఉంటుందన్న నమ్మిక అది. రెండింటినీ కలిపేస్తే చిక్కు వస్తుంది. పని బాగా చేసిన రోజే ముద్దు చేస్తే, చేయలేని రోజు పిల్ల తనను తానే వద్దనుకుంటుంది. అందుకే పనిని పనిగా నేర్పాలి, ముద్దును ఊరికే ఇవ్వాలి.

చివరి మెట్టు ముందు

లేసు కట్టడంలో ఐదు పనులున్నాయి: రెండు కొసలు అడ్డంగా వేసి ముడి వేయడం, ఒక చెవి చేయడం, రెండో కొసను దాని చుట్టూ తిప్పడం, సందులోంచి తోసి రెండో చెవి తీయడం, రెండు చెవులూ గుంజి బిగించడం. మామూలుగా మొదటి పని నుంచి నేర్పుతాం. పిల్ల మూడో పనిలో చిక్కుకుంటుంది, మనం లాక్కుంటాం, ప్రతిసారీ ఓటమితోనే ఆట ముగుస్తుంది.

తలకిందులుగా నేర్పి చూడండి. మొదటి నాలుగూ మీరు చేయండి. చివరి గుంజుడు మాత్రం పిల్లది. లేసు కట్టిన ఘనత ఆమెదే. నాలుగైదు రోజులు తడబడకుండా గుంజాక నాలుగో పని కూడా అప్పజెప్పండి, తర్వాత మూడోది. రోజుకు ఐదు నిమిషాల చొప్పున రెండు మూడు వారాల్లో చాలామంది పట్టేస్తారు. నేర్పే సమయం సాయంత్రం పెట్టుకోండి, పొద్దున ఆటో టైముకు వద్దు. రెండు వేర్వేరు రంగుల లేసులు ముక్కలు చేసి ముడేసి ఎక్కిస్తే ఏది ఎటు పోతోందో కంటికి తెలుస్తుంది. ఎదురుగా కూర్చుని నేర్పితే మీ కుడి ఆమెకు ఎడమగా కనపడి గందరగోళం అవుతుంది. పక్కన గానీ వెనక గానీ కూర్చోవాలి.

ఆగిపోయినప్పుడు సాయం చేయడానికీ ఒక వరుస ఉంది. ముందు మనసులో ఇరవై లెక్కపెట్టండి. అప్పటికీ కదలకపోతే ఒక్క మాట: "ఇప్పుడు ఏ కొస?" ఇంకా కాకపోతే వేలితో చూపండి. అదీ కాకపోతేనే ఆమె చేతి మీద మీ చెయ్యి వేసి చేయించండి. చేతిలోంచి తీసుకోవడం ఈ వరుసలో లేనే లేదు. ఇరవై లెక్కపెట్టడం చెప్పినంత సులువు కాదు, పెద్దల వేళ్ళు వాటంతటవే ముందుకు పోతాయి. ఆ ఐదు నిమిషాలు రెండు చేతులతో చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చోండి. నవ్వులాటగా అనిపిస్తుంది కానీ పనిచేస్తుంది.

సకినం చుట్టేటప్పుడు

సంక్రాంతి ముందు వారం మన దిక్కు ప్రతి ఇంట్లో సకినాల పిండి తడుపుతారు. పిల్లలకు పని నేర్పడానికి ఇంతకన్నా మంచి బడి లేదు. ఎందుకంటే చేసింది కళ్ళ ముందే కనిపిస్తుంది, తప్పు పోయినా తినేయొచ్చు, పక్కనే అక్కలు, అత్తలు, నాయనమ్మ అదే పని చేస్తుంటారు. బందూరా చెప్పిన రెండో దారి కూడా అక్కడే దొరుకుతుంది.

ఏడెనిమిదేండ్ల పిల్లతో మొదలుపెట్టొచ్చు. మొదటి రోజు నువ్వులు, వాము పిండిలో కలపడం, పాత తెల్ల చీర నేల మీద ముడతలు లేకుండా పరచడం ఆమెకివ్వండి. బట్ట సరిగా లేకపోతే సకినం వంకరపోతుందని ఆమెకే తెలిసి వస్తుంది. తర్వాత నిమ్మకాయంత పిండి ముద్ద చేతికివ్వండి. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు మధ్య పిండిని మెలితిప్పుతూ జారవిడవాలి. ముందు చుట్టు వద్దు, జానెడు పొడుగున తిన్నటి గీత చాలు. గీత తెగకుండా వచ్చాక ఒక్క చుట్టు, ఆ తర్వాతే రెండు మూడు చుట్లు.

గీత తెగిపోతుంటే తప్పు పిల్లది కాకపోవచ్చు. పిండి గట్టిపడితే ఎవరి చేతిలోనైనా తెగుతుంది, నీళ్ళు ఎక్కువైతే చుట్టు చదునై ఒకదానికొకటి అతుక్కుపోతుంది. అప్పుడు "పిండి ఎట్లున్నది, పట్టి చూడు" అని అడగండి. రెండు చుక్కల నీళ్ళు కలపాలా వద్దా అన్న నిర్ణయం ఆమెదే కానీయండి. పని తప్పిందని కాకుండా పనిలో ఎక్కడ తప్పిందో వెతకడం అట్లా అలవాటవుతుంది. రేపు లెక్క తప్పినప్పుడు "నేను మొద్దును" అనుకోకుండా "ఏ మెట్టులో పోయింది" అని చూసేది ఈ అలవాటు ఉన్న పిల్లే.

ఇక్కడ చాలామంది చేసే పాడుపని ఒకటుంది. పిల్ల అటు తిరగగానే ఆమె చుట్టిన సొట్ట సకినాన్ని గుట్టుగా సరిచేస్తారు, లేదా పిండిలో కలిపేస్తారు. పిల్లకు అది తప్పక తెలుస్తుంది. వంకరగానే ఉండనీయండి. బట్ట తడి పీల్చుకున్నాక అందరివాటితో పాటు తీసి వేయించండి. నూనె మూకుడు దగ్గరికి మాత్రం పన్నెండు పదమూడేండ్లు వచ్చేదాకా రానీయొద్దు. పక్కింటికి పంపే గిన్నెలో ఆమెవి కూడా రెండు పడాలి.

బతుకమ్మ పేర్చేటప్పుడూ ఇదే లెక్క. గునుగు కాడలు ఒకే కొలతకు కత్తిరించడం, తంగేడు ఒక వరుస తిప్పడం పిల్లల పని. వరుస ఒక పక్కకు ఒరిగితే ఒరగనీయండి, కూలిపోయేటంత అయితేనే పెద్దలు చెయ్యి పెట్టాలి. బిడియపు పిల్లలకు బతుకమ్మ ఇంకో తీరుగా అక్కరకొస్తుంది. "అంకుల్ వచ్చిండు, ఒక పాట పాడు" అని నడింట్లో నిలబెడితే ముడుచుకుపోయే పిల్ల, వలయంలో అమ్మకూ అత్తకూ మధ్య నిలబడి చప్పట్లు మాత్రం కొట్టగలదు. అక్కడ చూసేవాళ్ళు లేరు, అందరూ ఆడేవాళ్ళే. మొదటి ఏడాది చప్పట్లు, మరుసటి ఏడాది పల్లవి. తోసి ముందుకు నెట్టకండి.

కిరాణా కొట్టు దాకా

ఇంట్లో చేసేది ఒక ఎత్తు, కొత్త మనిషితో నోరు విప్పడం ఇంకో ఎత్తు. దీనికి గల్లీ కిరాణా కొట్టే సరైన చోటు. ఏడేండ్లు దాటిన పిల్లకు, రోడ్డు దాటే అవసరం లేని కొట్టయితే, నాలుగు విడతల్లో నేర్పొచ్చు. మొదటి వారం మీరు పక్కనే ఉండి, అడగడం పిల్లతో చేయించండి. రెండో వారం పది అడుగుల వెనక నిలబడండి. మూడో వారం మూల మలుపు దగ్గర, నాలుగో వారం ఇంటి గేటు దగ్గర. చేతికి యాభై రూపాయలు, తేవాల్సిన వస్తువు ఒక్కటే.

పని చెడేది ఎక్కువగా ఒకచోటే. కొట్టు ముందు పెద్దవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి సామాను తీసుకుపోతుంటారు, పిల్ల పక్కన నిలబడే ఉంటుంది. పావుగంట తర్వాత ఉత్త చేతులతో ఇంటికొస్తుంది. "నోరు లేదా నీకు?" అని అరిస్తే ఉన్న నోరు కూడా పడిపోతుంది. ఆ పిల్లకు కావలసింది ఒక వాక్యం. "అన్నా, నేను ముందుగాల వచ్చిన, అర కిలో చక్కెర ఇయ్యి." ఇంట్లో ఆట కట్టండి: తాత కొట్టాయన, నాన్న మధ్యలో దూరే గిరాకీ, పిల్ల తన వాక్యం చెప్పాలి. గొంతు ఎంత గట్టిగా ఉండాలో కూడా అక్కడే చూపండి. ఐదారుసార్లు ఆడాక కొట్టుకు పంపండి.

చిల్లర ఐదు రూపాయలు తక్కువ వస్తే ఆ ఐదు రూపాయలు నేర్చుకున్న ఫీజు అనుకోండి. చాప మీద నాణేలు పెట్టి ఇచ్చింది ఎంత, ధర ఎంత, రావాల్సింది ఎంత అని ఒకసారి లెక్క కట్టించి వదిలేయండి. వెంటనే మీరే వెళ్ళి కొట్టాయనతో గొడవ పడితే, రేపటి నుంచి పిల్ల పోనంటుంది.

వయసును బట్టి పని పెరుగుతూ పోవాలి. మూడు నాలుగేండ్లకు చెప్పులు వరసలో పెట్టడం, చిక్కుడుకాయ ఈనెలు తీయడం. ఐదారేండ్లకు ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి కంచాలు వేయడం. తొమ్మిది పదేండ్లకు బస్సులో కండక్టరును తానే టికెట్ అడగడం. తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు చార్జీ లేదు, అయినా జీరో టికెట్ తీసుకోవాల్సిందే కాబట్టి ఊరి పేరు చెప్పి అడిగే పని పోలేదు. పన్నెండు పదమూడేండ్లకు బియ్యం కడిగి కుక్కర్ పెట్టడం, బ్యాంకులో ఫారం నింపడం. మగపిల్లలకు వంటింటి పని, ఆడపిల్లలకు బయటి పని తగ్గించే అలవాటు మన దగ్గర గట్టిది. దాంతో ఇద్దరిలోనూ సగం చేతగానితనం మిగిలిపోతుంది. ఏ పనైనా పదిసార్లలో ఏడెనిమిదిసార్లు చేయగలిగేటట్టు ఉండాలి. పదికి పదీ అవుతుంటే అది చిన్నదైపోయింది, మూడే అవుతుంటే ఇంకా ముక్కలు చేయాలి.

మెచ్చుకునేటప్పుడు

కరోల్ డ్వెక్, క్లాడియా ముల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు 1998లో అచ్చు వేసిన ఒక పరిశీలన పెద్దలందరూ తెలుసుకోవాలి. ఐదో తరగతి పిల్లలకు పజిళ్ళు ఇచ్చి, అయ్యాక కొందరితో "నువ్వు తెలివిగలదానివి" అన్నారు, కొందరితో "బాగా కష్టపడ్డావు" అన్నారు. తేడా ఆ ఒక్క వాక్యమే. తర్వాత ఏది కావాలో ఎంచుకోమంటే, తెలివి అని మెచ్చుకున్న పిల్లల్లో ఎక్కువమంది సులువైనవే అడిగారు. కావాలని కష్టమైనవి ఇచ్చి, మళ్ళీ సులువైనవి ఇస్తే, మొదటిసారి కన్నా తక్కువ చేశారు. తమకు ఎన్ని వచ్చాయో వేరే బడి పిల్లలకు రాసి పంపమంటే, వాళ్ళలో పదిమందికి దాదాపు నలుగురు ఎక్కువ చేసి రాశారు. కారణం కష్టమైనదేమీ కాదు. తెలివి అన్న బిరుదు ఇచ్చాక అది పోగొట్టుకోకుండా కాపాడుకోవడమే పిల్లల పని అయిపోతుంది.

పొగడ్తను ఊదేయడంలో ఇంకో ముప్పుంది. నెదర్లాండ్స్‌లో ఎడ్డీ బ్రుమ్మెల్‌మాన్ బృందం 2014లో చూపింది ఇదే: తమ మీద తమకు నమ్మకం తక్కువ ఉన్న పిల్లలకే పెద్దలు "అబ్బ, ఎంత అద్భుతం" అని మోతాదు మించి చెప్తారు, ఆ పొగడ్త విన్న ఆ పిల్లలే తర్వాత కష్టమైన పనికి వెనకాడతారు. ప్రతిసారీ అంత గొప్పగా చేయాలన్న బరువు నెత్తిన పడుతుంది మరి.

అట్లని నోరు కట్టేసుకోనక్కర్లేదు. చూసింది చెప్పండి. "నువ్వు ఆర్టిస్టువు" అనే బదులు "చెరువులో గుడి నీడ కూడా వేసినవే" అనండి. "నా బిడ్డ పులి" అనే బదులు "ఆ లెక్క రెండుసార్లు తప్పితే మూడోసారి వేరే తీరుగ చేసినవ్" అనండి. అక్షరం, అడుగు, ఎంచుకున్న రంగు, ఆగిన చోటు, మళ్ళీ పట్టుకున్న తీరు, ఇవి చెప్పాలంటే మనం నిజంగా చూసి ఉండాలి. పిల్లలకు కావలసిందీ ఆ చూపే. ఫోన్ చూస్తూ "సూపర్ రా" అంటే అది పొగడ్త కిందికి రాదు. ముచ్చటేసినప్పుడు "శభాష్" అనేయండి, దానికి లెక్కలు వేసుకోవద్దు.

ప్రోగ్రెస్ కార్డు వచ్చిన రోజు

హన్మకొండలో కోచింగ్ బోర్డుల మీద ర్యాంకుల ఫొటోలు చూస్తూ పెరిగే పిల్లలకు మార్కులు వట్టి అంకెలు కావు. ఆ రోజు ఏం చేయాలో ముందే అనుకుని ఉంటే నోరు జారదు.

కార్డును బడి గేటు దగ్గర విప్పకండి. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, తిన్నాక చూద్దామని ముందే చెప్పండి, చెప్పినట్టే చేయండి. మార్కులు ఎన్నయినా ఆ రోజు కూర, పెట్టే ముద్ద మారకూడదు. తర్వాత జవాబు పత్రాలు పక్కన పెట్టుకుని, మార్కు పోయిన ప్రతి ప్రశ్న ముందు పిల్లతోనే ఒక అక్షరం రాయించండి: తెలియక పోయింది 'తె', తొందరలో పోయింది 'తొ', టైం చాలక పోయింది 'టై'. ఇరవై నిమిషాల పని. ఆఖరుకు ఏ అక్షరం ఎక్కువ ఉందో లెక్కపెట్టించండి. 'తొ' ఎక్కువైతే పిల్లకు చదువు రాకపోవడం అసలు సమస్యే కాదు. 'టై' ఎక్కువైతే గడియారం పెట్టి రాసే అలవాటు చాలు. వచ్చే పరీక్షకు ఒక్క విషయమే పట్టుకోండి, ఐదు వద్దు.

"గిన్నేనా? పక్కింటి పిల్లకెన్ని వచ్చినయ్?" అన్న ప్రశ్న ఇంట్లో ఎవరు అడుగుతారో వాళ్ళతో ముందే మాట్లాడుకోండి. చుట్టాలు పెండ్లిలో పదిమంది ముందు అడిగితే జవాబు మీరు చెప్పాలి: "మంచిగనే చదువుతున్నది, లెక్కల మీద కూసుంటున్నది ఇప్పుడు." అంతే, మాట మార్చేయండి. మీరు పిల్ల పక్కన నిలబడ్డారో, అడిగినవాళ్ళ పక్కన నిలబడ్డారో ఆమె చూస్తూనే ఉంటుంది.

గురుకులంలోనో ప్రైవేటు హాస్టల్లోనో ఉన్న పిల్లలకు ఫోన్లో దొరికేది కొన్ని నిమిషాలే. అందులో మొదటి ప్రశ్న టెస్టు గురించి అయితే మిగతా నిమిషాలు ముక్తసరిగా పోతాయి. ముందు ఇంటి ముచ్చట చెప్పండి: ఆవు ఈనింది, జామచెట్టు కాసింది, తమ్ముడు పన్ను ఊడగొట్టుకున్నాడు. ఇల్లు తన కోసం ఎదురు చూస్తోందని అట్లా తెలుస్తుంది. తర్వాత "ఎవరితోని కూసుని తింటున్నవ్?" అని అడగండి. దోస్తులున్నారా లేరా అన్నది ఈ ఒక్క ప్రశ్నకు తేలిపోతుంది.

రంగు, ఒళ్ళు, యాస

"కర్రి", "బక్కోడు", "బోండాం", ఇవి ముద్దుపేర్లని పెద్దలు అనుకుంటారు. నాలుగేండ్ల వయసులో నవ్విన పిల్ల పదకొండో ఏట అద్దం ముందు అదే మాట తనకు తాను చెప్పుకుంటుంది. ఇంట్లో ఆ పేర్లు మానేయడం ఒక్కరోజులో కాదు. పిలిచిన ప్రతిసారీ వెంటనే అసలు పేరుతో మళ్ళీ పిలవండి, రెండు నెలల్లో నాలుకకు అలవాటవుతుంది. పిల్ల "నేను నల్లగున్న" అని ఏడిస్తే "లేదు, నువ్వు ఎర్రగనే ఉన్నవ్" అనొద్దు. నలుపు తప్పని మీరూ ఒప్పుకున్నట్టవుతుంది. "అవును, నాయనమ్మ రంగు వచ్చింది నీకు. ఎవరన్నా ఏమన్నా అన్నరా?" అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది.

యాస సంగతి కొంచెం వేరు. ఇంట్లో "గట్లనే", "ఒస్త", "తెల్వది" అని మాట్లాడే పిల్ల, టీవీలో, బడిలో ఇంకో తెలుగు విని తనది తప్పుడు భాష అనుకుంటుంది. ఓరుగల్లు కవి కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకునే రాష్ట్రంలో కూడా ఈ సిగ్గు పోలేదు. పిల్లకు చెప్పాల్సింది సూటిగా: ఇంటి మాట ఒకటి, పరీక్షలో రాసే మాట ఇంకొకటి, రెండూ నీవే. పెద్దలు కూడా ఫోన్లో ఆఫీసరుతో మాట్లాడుతూ గొంతు మార్చి, పెట్టేశాక నవ్వుకోవడం మానాలి.

ఇంగ్లిషుతో వచ్చే పిరికితనం దీనికి తోడు. రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిషు మీడియం మొదలయ్యాక, తెలిసిన జవాబే మాట రాక మింగేసే పిల్లలు చాలామంది. పిల్లకు పాఠం రావట్లేదా, మాట రావట్లేదా అన్నది తేల్చుకోవడానికి అదే ప్రశ్న తెలుగులో అడగండి. తెలుగులో గడగడా చెప్తే ఇంక ట్యూషన్ కన్నా, రోజూ పది నిమిషాలు పెద్దగా చదివించడం ఎక్కువ పనిచేస్తుంది. చదివేటప్పుడు ఉచ్చారణ మధ్యలో దిద్దకండి, పేరా అయ్యాక ఒక్క పదం దిద్దండి.

తనతో తాను మాట్లాడుకునేది

ఓడిన రోజు పిల్ల లోపల ఏం అనుకుంటోందో పడుకునే ముందు తెలుస్తుంది. కబడ్డీ టీములోంచి తీసేశారనుకోండి. "నేను దేనికీ పనికిరాను" అంటాడు. "అట్లా అనొద్దు" అంటే నోరు మూసుకుంటాడు, అనుకోవడం మానడు. ఇంకో దారి ఉంది. "నీ దోస్తును తీసేసిండ్రనుకో, ఆడికి నువ్వేం చెప్తవ్?" అని అడగండి. కాసేపు ఆలోచించి, "మళ్ళీ ఆడుదాం తియ్ అంట" అంటాడు. "మరి అదే నీకు చెప్పుకో." దోస్తుతో మాట్లాడినంత మెత్తగా తనతో తాను మాట్లాడుకోవడాన్నే క్రిస్టిన్ నెఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2003 నుంచి అధ్యయనం చేస్తూ వచ్చారు. అందులో మూడు ముక్కలున్నాయి: నొప్పి ఉందని ఒప్పుకోవడం, ఇది అందరికీ జరిగేదే అని గుర్తుంచుకోవడం, తనను తాను తిట్టుకోకపోవడం. మొదటిది దాటేసి నేరుగా ఓదార్చబోతే మిగతా రెండూ పనిచేయవు. ముందు ఏడ్వనీయండి.

పిల్లలు ఈ మాటల్ని నేర్చుకునేది మాత్రం మన దగ్గరే. "నాదేం మొఖం, ఫొటో వద్దు" అని పక్కకు జరిగే అమ్మ, "నేను సదువుకోలే, నాకేం తెల్వది" అనే నాన్న, ఇద్దరూ పాఠం చెప్తున్నట్టే లెక్క. కూరలో ఉప్పెక్కువైతే "నా చేతికేం రోగమొచ్చింది" అనకుండా "ఉప్పెక్కువైంది, రెండు ఆలుగడ్డలేస్త" అనడం చిన్న మార్పే. పిల్ల మీద ఉత్తపుణ్యానికి అరిచిన రోజు "తప్పు నాదే బిడ్డా, ఆఫీసుల కోపం నీ మీద తీసిన" అని చెప్పాలి. పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకుంటే చులకన అవుతారన్న భయం ఉంది కానీ, తప్పు చేసినా మనిషి చెడ్డవాడైపోడన్న సంగతి పిల్లకు ఇంకో రకంగా చూపించలేం.

బిడియం కాకపోతే

బోర్డు మీది అక్షరాలు కనపడని పిల్ల కూడా జవాబు చెప్పదు. ముందు కళ్ళు, చెవులు చూపించండి. అక్షరాలు తారుమారవుతున్నా, మాట తడబడుతున్నా పిల్లల డాక్టరుకు చెప్పండి, "పెద్దయితే పోతది" అని ఏండ్లు గడపొద్దు.

ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల ఒక్కసారిగా మూగబోతే, బడి అనగానే కడుపునొప్పి వస్తే, నిద్ర, తిండి రెండు వారాలకు పైగా తప్పితే కారణం బయట వెతకాలి. బడిలో కొట్టడం, పదిమందిలో అవమానించడం విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ ప్రకారం నేరుగా నిషిద్ధం. బడికి వెళ్ళేటప్పుడు తేదీ, ఏం జరిగింది, ఎవరు చూశారు అన్నది కాగితం మీద రాసుకుని వెళ్ళండి, పిల్లను వెంట నిలబెట్టి వాదించకండి. చచ్చిపోతానన్న మాట ఏ వయసు పిల్ల అన్నా బెదిరింపు అనుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు ఏ గంటలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలకు ఇంట్లోనో బయటో హాని జరుగుతోందన్న అనుమానం ఉంటే పిల్లల సహాయ లైను 1098. ఈ రెండు నంబర్లూ పిల్లలకు కూడా నోటికి రావాలి.

మొదటి నెల

ఒక్క పని ఎంచుకోండి. లేసు, కంచాలు, కొట్టు, ఏదైనా సరే. ఇంటి మొత్తాన్నీ ఒకేసారి మార్చబోతే నాలుగో రోజుకు అందరూ పాత దారికి వస్తారు. రెండో వారంలో పిల్లే "నువ్వే చెయ్" అని తిరిగి ఇచ్చేస్తుంది. పని కొత్తదనం పోయింది కదా. అప్పుడు సగం పని మీరు, సగం ఆమె చేసి ఆ రోజు గడిపేయండి, మానిపించకండి.

మూడో వారంలో అడ్డం వచ్చేది నాయనమ్మ. "పాపం, చిన్న పిల్ల, చెయ్యి నొస్తది, ఇటియ్యి బిడ్డా" అని ప్రేమతోనే లాక్కుంటుంది. ఆమెతో వాదిస్తే గెలవరు, గెలిచినా ఇంట్లో సుఖం ఉండదు. నేర్పే పనే ఆమెకు అప్పజెప్పండి. "అత్తమ్మా, సకినం తిప్పుడు దీనికి నువ్వే నేర్పాలె, మాతోని అయితలేదు" అని పీట వేసి కూర్చోబెట్టండి. చేతిలో చాయ్ గ్లాసు పెట్టడం మరిచిపోకండి.